అమెరికాలో ఏ పార్టీకీ చెందని ఓటరు: గడిలో ఏం రాయాలి, బీ-ఫారం ఎవరి చేతిలో ఉంది?

1. కాకినాడ కాజా

రెండు పార్టీల మీదా మనసు విరిగినవాళ్ళకి పనికొచ్చే సంగతులు ఒకచోట ఉండాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వలసల మీద ఒకరి మాట మింగుడుపడదు, బడుల మీద ఇంకొకరి మాట మింగుడుపడదు. తుపాకుల విషయంలో ఇటు, పన్నుల విషయంలో అటు ఉన్న మనిషి తెలుగు వాట్సాప్ గుంపులో నోరు విప్పితే రెండు వైపుల నుంచీ అక్షింతలే. మెస్సులో ఫుల్ మీల్స్ లాగా కంచం మొత్తం తీసుకోవాల్సిందే, నచ్చని కూర వద్దంటే కుదరదు.

2024 గ్యాలప్ సర్వేల్లో తాము ఇండిపెండెంట్లమని చెప్పుకున్నవాళ్ళు 43 శాతం. డెమోక్రాట్లు, రిపబ్లికన్లు చెరో 28. అన్నిటికంటే పెద్ద గుంపు ఇదైతే, సెనేట్ నూరుమందిలో ఇండిపెండెంట్లు శాండర్స్, కింగ్ ఇద్దరే ఎందుకు? వాళ్ళు కూడా కూర్చునేది డెమోక్రాట్ల వైపే.

తెలియాల్సినవి: ఓటరు నమోదు పత్రంలో పార్టీ గడిలో ఏం పెట్టాలి? మూడో పార్టీకి వేస్తే ఓటు మురిగినట్టేనా? నోటా లాంటిది ఉందా? జనానికి నచ్చని మాట పైకి చెబితే ఉద్యోగానికీ వీసాకీ ఎంత ముప్పు? తిట్లు, జోస్యాలు వద్దు. పద్ధతులు చెప్పండి చాలు.

2. ఓటుపెట్టె

ఆ 43కి ఒక తోక ఉందండి. "సరే, ఎటు మొగ్గుతారు?" అని రెండో ప్రశ్న వేస్తారు. అప్పుడు వాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక పక్క తేలిపోతారు. ఎటూ తేలనివాళ్ళు మొత్తంలో పది శాతం చుట్టుపక్కల మిగులుతారు. పార్టీల లెక్కలవాళ్ళు చూసేది ఈ పదినే. అందుకే 43 అనే అంకె చూసి ఎవరూ జడుసుకోరు.

అసలు సంగతి ఇంకోచోట ఉంది. మన దగ్గర టికెట్టంటే హైకమాండ్ ఇచ్చే బీ-ఫారం. నామినేషన్ల ఆఖరి రోజు దాకా అభ్యర్థులు పార్టీ ఆఫీసు గుమ్మంలో పడిగాపులు కాస్తారు. అమెరికాలో ఆ బీ-ఫారం ఇచ్చేది ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే తొలి ఎన్నికలో, ఓటేసేవాడు. ఎంతమంది వేస్తారో చూడండి. 2018 జూన్‌లో న్యూయార్క్ 14వ కాంగ్రెస్ నియోజకవర్గం. జనాభా ఏడు లక్షల దాకా ఉంటుంది, డెమోక్రాటిక్ ప్రైమరీలో పడిన ఓట్లు 30 వేల లోపే. పది దఫాలు గెలిచిన జో క్రౌలీని ఒకాసియో-కోర్టెజ్ 16,898 ఓట్లతో ఇంటికి పంపింది. అటు పార్టీ కథా అంతే. 2014లో వర్జీనియా 7వ నియోజకవర్గంలో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్ 36,105 - 28,912 తేడాతో సొంత ప్రైమరీలోనే ఓడాడు.

ఎక్కువ నియోజకవర్గాలు ఒక పార్టీకి ఖాయంగా ఉండేవే. పార్టీ లాభం కోసం గీతలు గీస్తే ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోవని 2019లో రూచో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా. అలాంటి చోట నవంబరు ఎన్నిక ఉత్త తంతు. తీర్పు ప్రైమరీలోనే అయిపోతుంది. కాబట్టి నేననేది ఒకటే: స్వతంత్రం బుర్రలో ఉండాలి, గడిలో అక్కర్లేదు. మీ రాష్ట్రంలో ప్రైమరీ తలుపు ఏ తాళంచెవికి తెరుచుకుంటే ఆ తాళంచెవి దగ్గర పెట్టుకోండి.

3. సన్నజాజి

తాళంచెవి అన్నారు కాబట్టి తూర్పు తీరం వరకు రాస్తాను. ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో పద్ధతి.

న్యూజెర్సీ: ఏ పార్టీలోనూ లేనివాళ్ళు ప్రైమరీ రోజున బూత్‌లోనే ఏదో ఒక పార్టీ చెప్పి ఓటేయొచ్చు. కాకపోతే ఆ క్షణం నుంచి రికార్డులో ఆ పార్టీవాళ్ళే. మళ్ళీ ఏ పార్టీ లేని స్థితికి రావాలంటే పత్రం నింపి పంపాలి, దానంతటది మారదు. ఇప్పటికే ఒక పార్టీలో ఉండి రెండోదానికి మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే చేయాలి. చాలామంది బోల్తాపడేది పోస్టల్ బ్యాలెట్ దగ్గర. పార్టీ చెప్పనివాళ్ళకి ప్రైమరీ పోస్టల్ బ్యాలెట్ రాదు, ముందుగా పార్టీ ప్రకటన పత్రం పంపాలి. నవంబరులో ఇంటికొచ్చే బ్యాలెట్ జూన్‌లోనూ వస్తుందిలే అని కూర్చుంటే ప్రైమరీ దాటిపోతుంది.

న్యూయార్క్: తలుపు గట్టిగా మూసేసిన రాష్ట్రం, పార్టీలో నమోదైనవాళ్ళకే ఆ పార్టీ ప్రైమరీ. నమోదైన ఓటరు పార్టీ మార్చుకోవాలంటే ఫిబ్రవరి 14 లోపు దరఖాస్తు చేరాలి, ప్రైమరీ జూన్‌లో. ఆ తర్వాత పంపింది ప్రైమరీ అయ్యాక గానీ అమలవదు. కొత్తగా నమోదయ్యేవాళ్ళకి ఈ గడువు లేదు, నమోదుతో పాటే పార్టీ రాసేయొచ్చు. నగర మేయర్ ఎన్నికలో పార్టీ లేని ఓటర్లు పది లక్షలకు పైగా ఉన్నా, డెమోక్రాటిక్ ప్రైమరీలో వాళ్ళ మాటకి చోటు లేదు.

పెన్సిల్వేనియా కూడా మూసిన ప్రైమరీయే, కానీ ప్రైమరీకి 15 రోజుల ముందు వరకు మార్చుకోవచ్చు. అక్కడ స్కూల్ బోర్డు అభ్యర్థులు రెండు పార్టీల ప్రైమరీల్లోనూ ఒకేసారి పేరు పెట్టుకోవచ్చు. రెండు చోట్లా గెలిచినవాళ్ళకి నవంబరులో పోటీ ఉండడం అరుదు. పిల్లల బడి గురించి మాట్లాడాలనుకున్న ఇండిపెండెంట్ నవంబరు దాకా ఆగితే, పెళ్ళయ్యాక పందిట్లోకి వచ్చినట్టే.

ఫ్లోరిడాలో గడువు 29 రోజులు. ఒక మినహాయింపు ఉంది: పోటీలో ఉన్నవాళ్ళంతా ఒకే పార్టీవాళ్ళై, నవంబరులో ఎదురు ఎవరూ లేకపోతే ఆ ప్రైమరీలో అందరూ ఓటేయొచ్చు. 1998 రాజ్యాంగ సవరణ అది. దానికి విరుగుడు కూడా కనిపెట్టారు. ఎవరో ఒకరు పేరుకి రైట్-ఇన్ అభ్యర్థిగా (బ్యాలెట్‌లో పేరు అచ్చవదు, ఓటరే చేత్తో రాయాలి) నమోదైతే "ఎదురు ఉన్నట్టే" లెక్క, తలుపు మళ్ళీ మూసుకుంటుంది.

4. పాలమూరోడు

మా టెక్సస్‌ల ఈ గడి లొల్లే లేదు. నమోదు పత్రంల పార్టీ అడగరు. మార్చి ప్రైమరీకి పోయి ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే అదే ఇస్తరు. జార్జియా, వర్జీనియా కూడ ఇదే తీరు.

గని మూడు సంగతులు యాదిల పెట్టుకోవాలె. ఒకటి, మార్చిల ఒక పార్టీ ప్రైమరీల ఓటేస్తే మే నెల రన్-ఆఫ్‌ల (ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి నడుమ పెట్టే రెండో పోటీ) ఇంకో పార్టీ దాంట్ల వేయనియ్యరు. 2026ల ప్రైమరీ మార్చి 3, రన్-ఆఫ్ మే 26. రెండోది, మార్చిల అసలే ఓటేయనోళ్ళు మే రన్-ఆఫ్‌ల ఏ పార్టీదైనా పట్టుకోవచ్చు. రన్-ఆఫ్‌కు వచ్చేటోళ్ళు ఇంక తక్కువ, అక్కడ ఒక్కో ఓటు బరువు పెరుగుతది. మూడోది, ప్రైమరీల ఓటేసినోళ్ళ సంతకం ఆ ఏడు ఇండిపెండెంట్ అభ్యర్థి బ్యాలెట్ ఎక్కనీకి ఇచ్చే పిటిషన్ మీద చెల్లదు. చానమందికి తెల్వక సంతకం పెడ్తరు, లెక్కల కొట్టేస్తరు.

2020 నుంచి ఒక్క గుర్తు నొక్కితే పార్టీ మొత్తానికి పడే పద్ధతి టెక్సస్‌ల తీసేసిండ్రు. బ్యాలెట్ పొడుగు ఉంటది, జడ్జీల పేర్లే పేజీలు పేజీలు. తెల్వని పేరుంటే ఖాళీ విడిచిపెట్టున్రి, మిగిలిన ఓట్లు చెల్లుతయి.

5. తుంగభద్ర

కాలిఫోర్నియా వాళ్ళకి ముఖ్యమైన హెచ్చరిక. పత్రంలో "అమెరికన్ ఇండిపెండెంట్" అని ఒక గడి ఉంటుంది. ఇండిపెండెంట్ అనే మాట చూసి టిక్ పెట్టేస్తారు. అది ఒక పార్టీ. 1968లో జాత్యహంకార వేదిక మీద నిలబడ్డ జార్జ్ వాలెస్ కోసం పుట్టిన పార్టీ. అందులో నమోదైనవాళ్ళని 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ సర్వే చేయిస్తే దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తాము ఆ పార్టీలో ఉన్నామనే తెలియదు. మీకు కావాల్సింది "ఏ పార్టీ వద్దు" అనే గడి. మీ పేరు ఎక్కడుందో రాష్ట్ర వెబ్‌సైట్‌లో డ్రైవింగ్ లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీలో చివరి నాలుగు అంకెలు కొట్టి చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని.

అక్కడ అధ్యక్ష ప్రైమరీ వేరు, మిగతావి వేరు. అధ్యక్ష ప్రైమరీలో పార్టీ లేనివాళ్ళకి ఇంటికొచ్చే బ్యాలెట్‌లో అధ్యక్షుడి పోటీయే ఉండదు. డెమోక్రాటిక్ బ్యాలెట్ కావాలని విడిగా అడగాలి, లేదా వచ్చినదాన్ని పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్ళి మార్చుకోవాలి. రిపబ్లికన్లు ఇవ్వరు, వాళ్ళలో నమోదై ఉండాలి.

మిగతా పదవులకి 2012 నుంచి అందరికీ ఒకే బ్యాలెట్. మొదటి ఇద్దరు నవంబరుకి వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే. 2016 సెనేట్ పోటీలో హారిస్, శాంచెజ్ ఇద్దరూ డెమోక్రాట్లే. వినడానికి ఇండిపెండెంట్లకి పండగలా ఉంటుంది, కానీ ఓట్లు చీలితే నెత్తిన పడుతుంది. 2012లో 31వ నియోజకవర్గంలో డెమోక్రాట్ల బలమే ఎక్కువ. నలుగురు డెమోక్రాట్లు నిలబడి ఓట్లు పంచుకున్నారు, ఉన్న ఇద్దరు రిపబ్లికన్లూ నవంబరుకి వెళ్ళిపోయారు.

6. నిడదవోలు జంక్షన్

మీరందరూ తాళంచెవులు బాగానే పంచుతున్నారు గానీ, నచ్చని పార్టీలో పేరు రాయించుకోవడం దొంగ సభ్యత్వం కాదా? ఓ పక్క పార్టీలు చెడిపోయాయంటూనే వాటి పుస్తకంలో పేరెక్కిస్తే వాళ్ళు "మా ఓటర్లు ఇంతమంది" అని డప్పు కొట్టుకోరూ? పైగా ఎంత నమోదున్నా బ్యాలెట్‌లో రెండు పేర్లే మిగులుతున్నాయి. నికరంగా మూడో పార్టీకి వేయడమే నిజాయితీ అంటాను. 1992 అధ్యక్ష ఎన్నికలో ఇండిపెండెంట్‌గా నిలబడ్డ రాస్ పెరో 18.9 శాతం తెచ్చుకోలేదూ?

7. ఓటుపెట్టె

@నిడదవోలు జంక్షన్ గారూ, సభ్యత్వం అంటే మన దగ్గరి రసీదు పుస్తకం గుర్తొస్తోంది మీకు. ఇక్కడ చందా లేదు, ప్రమాణం లేదు, పార్టీ మిమ్మల్ని బయటికి పంపలేదు, నవంబరులో ఎవరికైనా వేయొచ్చు. ప్రభుత్వ రికార్డులో ఒక కాలమ్ అంతే. డప్పు సంగతి ఒప్పుకుంటాను.

పెరో ఉదాహరణ మాత్రం మీకే ఎదురు తిరుగుతుంది. 1.97 కోట్ల ఓట్లు, ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా పంచిన, అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) సున్నా. 48 రాష్ట్రాల్లో ముందున్నవాడికే రాష్ట్రం మొత్తం. పెరో ఓటు దేశమంతా సమంగా పరుచుకుంది, ఎక్కడా మొదటి స్థానం రాలేదు. 1968లో వాలెస్‌కి వచ్చింది అంతకంటే తక్కువ, 13.5 శాతమే. కానీ దక్షిణాన ఐదు రాష్ట్రాల్లో ముద్దగా పడింది, 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, 2009లో ప్రజారాజ్యానికి 294లో 18 సీట్లైనా వచ్చాయి. అదే ఓటు అమెరికా అధ్యక్ష ఎన్నిక పద్ధతిలో పడి ఉంటే ఆ పద్దెనిమిదీ ఉండేవి కావు.

ఒకవేళ మూడో అభ్యర్థి గట్టిగా చీల్చి ఎవరికీ గెలుపుకి కావాల్సిన 270 ఎలక్టోరల్ ఓట్లు రాకపోయినా, 12వ సవరణ ప్రకారం నిర్ణయం ప్రతినిధుల సభకి పోతుంది. అక్కడ రాష్ట్రానికో ఓటు. ఆ సభ నిండా ఉన్నది రెండు పార్టీలవాళ్ళే.

8. పాలమూరోడు

అధ్యక్ష పదవి జోలికి పోతే బ్యాలెట్ ఎక్కుడే పెద్ద కత. మన దగ్గర లోక్‌సభకు ఇండిపెండెంట్ నిలబడాలంటే పదిమంది ప్రతిపాదకులు, 25 వేల డిపాజిట్. అయిపాయె. టెక్సస్‌ల 2024ల ఇండిపెండెంట్ అధ్యక్ష అభ్యర్థికి 1,13,151 సంతకాలు కావాలె. అది గత అధ్యక్ష ఎన్నికల పడ్డ ఓట్లల ఒక శాతం. మార్చి ప్రైమరీ అయినంక మొదలువెట్టి మే రెండో వారంల ఇచ్చేయాలె. కాలిఫోర్నియాల 2,19,403. న్యూయార్క్‌ల 45 వేలే, గని ఆరు వారాలే టైం.

సంతకాలు ఎట్ల ఎగిరిపోతయి అంటే: నమోదుల ఉన్న చిరునామా ఒకటి, రాసింది ఇంకోటి. ఒకే మనిషి రెండుసార్లు. ఓటరే కాదు. కౌంటీ పేరు రాయలే. పొడి అక్షరాలు అర్థం కాలే. అందుకే పని తెలిసినోళ్ళు కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు తెస్తరు. ఇంటింటికి తిరిగేటోళ్ళకు జీతం, ఆపైన కోర్టు కేసులకు వకీళ్ళు. 2024ల రాబర్ట్ కెనెడీ జూనియర్ న్యూయార్క్‌ల సంతకాలు మస్తు తెచ్చిండు. పిటిషన్ మీద రాసిన చిరునామా ఆయన అసలు ఇల్లు కాదని కోర్టు పేరు తీసేసింది. కాలిఫోర్నియాల సంతకాలు వద్దనుకొని, తుంగభద్ర అన్న చెప్పిన ఆ అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ టికెట్ మీదనే ఎక్కిండు.

9. నిడదవోలు జంక్షన్

లెక్కలు ఒప్పుకుంటాను. అయినా మూడో ఓటు ఎప్పుడూ మురిగిపోదు. జార్జియా చూడండి. అక్కడ 50 శాతం దాటకపోతే రన్-ఆఫ్. 2020 నవంబరులో రిపబ్లికన్ సెనేటర్ పెర్డ్యూకి 49.7 శాతం, మూడో పార్టీ అయిన లిబర్టేరియన్ అభ్యర్థికి 2.3 శాతం. ఆ రెండు శాతమే ఎన్నికని జనవరి 5కి లాక్కెళ్ళింది, అక్కడ డెమోక్రాట్ ఓసాఫ్ గెలిచాడు, సెనేట్ చేతులు మారింది. 2022లోనూ లిబర్టేరియన్‌కి పడ్డ రెండు శాతం వార్నాక్, వాకర్‌లని రన్-ఆఫ్‌కి ఈడ్చింది.

10. ఓటుపెట్టె

మీరు చెప్పింది నిజం. ఆ లిబర్టేరియన్‌కి వేసినవాళ్ళు కోరుకున్నది డెమోక్రాటిక్ సెనేటా అన్నది వేరే ప్రశ్న. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో గ్రీన్ పార్టీ నేడర్‌కి 97,488 ఓట్లు, బుష్ ఆధిక్యం 537. ఓటు మురగలేదు, కాకపోతే వేసినవాళ్ళు తలచని చోట పనిచేసింది.

కాబట్టి మూడో పార్టీకి వేసేముందు మీ రాష్ట్రం చూసుకోండి. ఒక పక్కకి ఒరిగిపోయిన రాష్ట్రంలో, అంటే కాలిఫోర్నియా లాంటి చోట, అధ్యక్షుడి గడిలో మీ ఓటు ఫలితాన్ని మార్చదు. అక్కడ మూడో పార్టీకి వేస్తే పోయేదేం లేదు. దేశం మొత్తం మీద 5 శాతం దాటితే వచ్చేసారికి ప్రభుత్వ నిధుల్లో వాటా దొరుకుతుంది. పెరో 1996లో 8.4 శాతం తెచ్చినందుకే 2000లో ఆయన పెట్టిన రిఫార్మ్ పార్టీకి 1.26 కోట్ల డాలర్లు వచ్చాయి. హోరాహోరీ రాష్ట్రంలో అయితే రెండు చేతులతో తూచి వేయాలి.

న్యూయార్క్, కనెక్టికట్‌లలో ఇంకో దారి ఉంది. ఒకే అభ్యర్థి పేరు రెండు పార్టీల వరసల్లో కనిపిస్తుంది. రెండో వరసలో గుర్తు పెడితే ఓటు అదే అభ్యర్థికి చేరుతుంది, ఎందుకు వేశారో కూడా లెక్కల్లో కనిపిస్తుంది. అయితే 2020లో న్యూయార్క్ గేటు ఎత్తు పెంచింది. అంతకుముందు పార్టీ గుర్తింపుకి నాలుగేళ్ళకోసారి 50 వేల ఓట్లు సరిపోయేవి. ఇప్పుడు రెండేళ్ళకోసారి 1,30,000 లేదా 2 శాతం, ఏది ఎక్కువైతే అది. గ్రీన్, లిబర్టేరియన్ రెండూ గుర్తింపు పోగొట్టుకున్నాయి.

11. రేవు

ర్యాంకు పద్ధతి, అంటే అభ్యర్థులకి ఇష్టం కొద్దీ 1, 2, 3 అని వరస ఇచ్చే ఓటు గురించి ఎవరూ ఎత్తలేదు. దాన్ని సర్వరోగ నివారిణిలా అమ్మేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఒక లెక్కింపు దగ్గరగా చూద్దాం. అలాస్కా, 2022 ఆగస్టు, ప్రతినిధుల సభ ఉప ఎన్నిక.

మొదటి లెక్క: డెమోక్రాట్ పెల్టోలా 40.2, రిపబ్లికన్ పేలిన్ 31.3, రిపబ్లికన్ బెగిచ్ 28.5 శాతం. ఎవరికీ సగం రాలేదు, బెగిచ్ బయటికి. ఆయన ఓట్లలో రెండో పేరు చూశారు. సగం పేలిన్‌కి వెళ్ళాయి. ఇంచుమించు 29 శాతం పెల్టోలాకి. మిగిలిన 21 శాతం ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే రెండో గడి ఖాళీ. చివరికి పెల్టోలా 51.5, పేలిన్ 48.5.

ఇప్పుడు మెలిక. బ్యాలెట్లన్నీ తిరగేసి చూస్తే, బెగిచ్‌ని ఇద్దరిలో ఎవరితో ముఖాముఖి పెట్టినా గెలిచేవాడు. అందరికీ రెండో ఇష్టం, కానీ మొదటి ఇష్టం తక్కువమందికే, అందుకని ముందే ఎగిరిపోయాడు. 2009లో వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో ఇదే జరిగి, మరుసటి ఏడాది ఆ పద్ధతినే రద్దు చేసుకున్నారు. మధ్యేమార్గపు ఇండిపెండెంట్‌కి ఈ పద్ధతి మేలు చేస్తుందనేవాళ్ళు ఈ రెండూ చదవాలి. ఒకటి మాత్రం ఖాయం: అభిమానించే చిన్న అభ్యర్థికి భయం లేకుండా మొదటి ర్యాంకు ఇవ్వొచ్చు, గెలిచే స్థితిలో లేనంతవరకు.

ఓటరు చేసే తప్పులు: ఒకే ర్యాంకు ఇద్దరికి ఇస్తే ఆ ర్యాంకు చెల్లదు. ఒకరికే అన్ని ర్యాంకులూ ఇస్తే ఒక్కసారి ఇచ్చినట్టే, అదనపు బలం రాదు. అసహ్యించుకునే అభ్యర్థి పేరు చివర రాయడం కంటే వదిలేయాలనిపిస్తుంది, కానీ చివరికి మిగిలేది ఇద్దరు చెడ్డవాళ్ళే అయితే వాళ్ళలో ఎవరు తక్కువ చెడ్డో చెప్పే అవకాశం మీరే వదులుకున్నట్టు.

2024 నవంబరులో కొలరాడో, ఐడహో, నెవాడా, ఒరెగాన్ ఓటర్లు దీన్ని తిప్పికొట్టారు. మిస్సోరీ నిషేధమే పెట్టింది. వాషింగ్టన్ డీసీ మాత్రం సరేనంది. అలాస్కాలో రద్దు ప్రతిపాదన వెయ్యి లోపు ఓట్ల తేడాతో వీగిపోయింది.

12. కాకినాడ కాజా

చాలా ఉపయోగంగా ఉంది. నోటా సంగతి ఎవరూ చెప్పలేదు. ఇండియాలో 2013 నుంచి ఉందిగా. ఇక్కడ?

13. తుంగభద్ర

ఒక్క నెవాడాలో ఉంది, అదీ మనకంటే చాలా ముందు, 1975 చట్టం. "ఈ అభ్యర్థులెవరూ కాదు" అనే వరస. రాష్ట్రమంతటా జరిగే పోటీలకే. మొదటి స్థానం వచ్చినా మన నోటా లాగే పళ్ళు లేని పులి, దాని కింద ఉన్న మనిషినే గెలిచినట్టు ప్రకటిస్తారు. 2014 డెమోక్రాటిక్ గవర్నర్ ప్రైమరీలో అది మొదటి స్థానంలో నిలిచింది. 2024 ఫిబ్రవరి రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీలో నిక్కీ హేలీని కూడా దాటేసింది.

మిగతా రాష్ట్రాల్లో కొందరు రైట్-ఇన్ గీత మీద మిక్కీ మౌస్ అని రాస్తారు. చాలా చోట్ల ముందుగా నమోదైన రైట్-ఇన్ అభ్యర్థుల పేర్లనే లెక్కపెడతారు, మిగతావి చెత్తలోకే. హవాయి, లూసియానా లాంటి చోట్ల ఆ గీతే ఉండదు. సరిగ్గా వాడితే ఏమవుతుందో 2010లో అలాస్కాలో చూశాం. ప్రైమరీలో ఓడిన సెనేటర్ మర్కౌస్కీ రైట్-ఇన్‌గా గెలిచింది. పేరు అక్షరదోషం లేకుండా రాయాలని ఓటర్లకి అక్షరాలు అచ్చేసిన చేతి పట్టీలు పంచారు.

14. సన్నజాజి

ఇక చివరి ప్రశ్న, అన్నిటికంటే సున్నితమైనది. ఎవరికి వేశారన్నది రహస్యం. కానీ ఏ పార్టీలో నమోదయ్యారు, ఏ ఎన్నికలో ఓటేశారు, ఏ పార్టీ ప్రైమరీ బ్యాలెట్ తీసుకున్నారు అన్నవి చాలా రాష్ట్రాల్లో అడిగినవాళ్ళకి దొరికే రికార్డు. టెక్సస్‌లో గడి లేదని నిశ్చింతగా ఉండొద్దు, మార్చిలో తీసుకున్న బ్యాలెట్ చరిత్రలో ఉంటుంది.

విరాళం ఇంకా బాహాటం. ఒక అభ్యర్థికి 2025-26లో ఎన్నికకి 3,500 డాలర్ల పరిమితి. ఆ ఎన్నికల దఫాలో మొత్తం 200 దాటితే పేరు, ఊరు, వృత్తి, యజమాని పేరుతో ఎఫ్ఈసీ (ఫెడరల్ ఎన్నికల సంఘం) వెబ్‌సైట్‌కి ఎక్కుతుంది. తక్కువ ఇస్తే దాగుతుందనుకుంటారు. ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే యాక్ట్‌బ్లూ, విన్‌రెడ్ ద్వారా ఇస్తే అవి మధ్యవర్తులుగా ప్రతి విరాళాన్నీ చూపిస్తాయి, ఐదు డాలర్లైనా సరే. విరాళం పేజీల్లో "ప్రతినెలా" అనే గడికి ముందే టిక్ ఉందేమో చూసి తీసేయండి.

ఉద్యోగం: వాక్ స్వాతంత్ర్యపు మొదటి సవరణ కట్టేసేది ప్రభుత్వాన్ని. ప్రైవేటు కంపెనీ మీద దానికి పట్టు లేదు. కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 1101, 1102 సెక్షన్లు ఉద్యోగి రాజకీయ కార్యకలాపాల మీద యజమాని ఆంక్షలు పెట్టకూడదంటాయి. న్యూయార్క్‌లో కార్మిక చట్టం 201-డీ సెక్షన్ పని వేళల బయట ప్రచారం, నిధుల సేకరణ, పోటీ చేయడం వరకు కాపాడుతుంది. ఫేస్‌బుక్‌లో అభిప్రాయం రాయడం దాని కిందికి వస్తుందని ధీమా పడొద్దు. టెక్సస్‌లో ప్రైవేటు ఉద్యోగికి అలాంటి చట్టం లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు, ఆ లెక్క కూడా వేసుకుని మాట్లాడాలి.

వీసా: 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జే (విద్యార్థులు, ఎక్స్చేంజ్) వీసాలకి, డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4లకి సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు. తెలుగులో రాశాం కదా, వాళ్ళకేం అర్థమవుతుందిలే అనుకోవద్దు. అనువాద యంత్రాలు ఉన్నాయి.

పౌరసత్వం లేనివాళ్ళు ఇది తప్పక చదవండి. లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని తెర మీద వస్తుంది, తొందరలో అవును నొక్కేస్తారు. గ్రీన్‌కార్డు ఉన్నా అది పెద్ద చిక్కు. ఫెడరల్ ఎన్నికలో ఓటేయడం నేరం. పౌరులమని తప్పుగా చెప్పడం వేరే తప్పు. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 దరఖాస్తులో ఎప్పుడైనా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. పొరపాటున నమోదైందని తెలిస్తే ఓటు జోలికి వెళ్ళకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. వాళ్ళు చెప్పినట్టు కౌంటీకి రాసి రద్దు చేయించుకుని, వచ్చిన ఉత్తరం దాచుకోండి. విరాళాలు గ్రీన్‌కార్డువాళ్ళు ఇవ్వొచ్చు, హెచ్-1బీవాళ్ళు ఇవ్వకూడదు. జీతం లేకుండా కరపత్రాలు పంచడం, ఫోన్లు చేయడం ఎవరైనా చేయొచ్చు.

15. నిడదవోలు జంక్షన్

కొలరాడోలో ఏ పార్టీ లేనివాళ్ళకి రెండు పార్టీల ప్రైమరీ బ్యాలెట్లూ ఒకే కవరులో వస్తాయని చదివాను. దొంగ సభ్యత్వం అవసరమే లేదు. ఈ పద్ధతి నాకు సరిపోతుంది.

16. ఓటుపెట్టె

2016లో ఓటర్లే తెచ్చుకున్న పద్ధతి అది, బాగుంది. ఒకటే జాగ్రత్త: రెండూ వచ్చాయి కదా అని రెండూ నింపి పంపితే రెండూ చెల్లవు. ఒకటి నింపండి, రెండోది చించి పారేయండి.